ఒక చిట్టా మఱియొక చిట్టాతో మాటలాడు విధము

సహకార సంఘమునకు రెండు సొత్తులు గలవు. ఒకటి సభ్యులు చెల్లించిన వాటాధనము. రెండవది సభ్యుల పట్టిక. మొదటిదానిని ఇనుపపెట్టెలో నుంచి తాళము వేయుదుము. రెండవదానిని బల్లపై తెఱచియుంచి, అవసరము వచ్చినపుడెల్ల తోచినట్లు వ్రాయుచుందుము. పేరులో నొక యక్షరము పోయినను, తండ్రి పేరు తప్పినను, గతించిన సభ్యుని పేరు తొలగింపకున్నను ఇంతకాలము పెద్ద చిక్కు కలుగలేదు. ఏలయన ఆ పుస్తకము సంఘపు గది దాటి పోయెడిది కాదు; కార్యదర్శి సభ్యుని ముఖ మెఱుగును గనుక తప్పును మనస్సులోనే దిద్దుకొనెడివాడు.

ఇక నట్లు జరుగదు. 2022 జూన్ 29వ తేదీన కేంద్ర మంత్రివర్గము దేశమందలి 63,000 ప్రాథమిక వ్యవసాయ పరపతి సంఘములను 2,516 కోట్ల రూపాయల వ్యయముతో కంప్యూటరు లెక్కలలోనికి మార్చు పథకము నామోదించినది. నాబార్డువారు దీనిని నడపుచున్నారు. సంఘముల లెక్కలు ఒకే మాదిరి సాఫ్టువేరులోనికి వచ్చి, జిల్లా కేంద్ర సహకార బ్యాంకు లెక్కలతోను, రాష్ట్ర సహకార బ్యాంకు లెక్కలతోను కలియవలెనన్నదే దీని యుద్దేశము. అనగా నిన్నటిదాక గదిలో నున్న పట్టిక రేపు ఊళ్లు తిరుగును. ముఖ మెఱిగిన కార్యదర్శి దానివెంట పోడు. కావున ఒక చిట్టా మఱియొక చిట్టాతో నెట్లు మాటలాడునో, అందు మేలెంత, కీడెంత, మనము ముందుగా చేసికొనవలసిన పని యేమో ప్రతి సభ్యుడును తెలిసికొనుట యవసరము.

పట్టికలు పెక్కు, రైతు ఒక్కడు

హిందూపురము చెంత మూడెకరముల వేరుసెనగ చేను, అరయెకరము మల్బరి తోట గల యొక రైతును తలచుకొందము. ఇతని పేరు ఎన్నిచోట్ల వ్రాయబడియున్నది? సంఘపు సభ్యుల పట్టికలో నొకటి, బ్యాంకు ఖాతాలో నొకటి, భూమికి సంబంధించిన అడంగలులోను, ఒన్-బిలోను ఒకటి, ఏ చేనిలో నే పైరు వేసెనో నమోదు చేయు ఈ-పంటలో నొకటి, 2019 నుండి యేటికి 6,000 రూపాయలను మూడు వాయిదాలుగా నిచ్చు పీఎం-కిసాన్ జాబితాలో నొకటి, ఎరువు కొన్నపుడు వ్రేలిముద్ర వేసిన యంత్రములో నొకటి, ఇవిగాక ఆధారు.

పూర్వము ఈ లెక్కల నడుమ తిరుగు వారధి మనుష్యుడే. 1984లో ఆ యుద్యోగములు రద్దగు వఱకు గ్రామమున కరణము తన చిట్టానుండి నకలు వ్రాసి యిచ్చెడివాడు. రైతు దానిని చేతబట్టుకొని బ్యాంకునకు పోయెడివాడు. అచ్చటి గుమాస్తా దానిని చూచి తన పుస్తకములో మరల వ్రాసికొనెడివాడు. ప్రతి నకలునకు కొంత కాలము, కొంత ఖర్చు, కొంత పొరపాటు తప్పవు. కంప్యూటర్లు వచ్చిన తరువాతను చాలచోట్ల ఇదే తీరు సాగినది. ఒక తెరపై చూచి మఱియొక తెరపై కొట్టుట మాత్రమే మాఱినది.

పట్టణములలోని వర్తక సంస్థలకును ఇదే బాధ. తమయొద్ద కొనువారెవరు, ఏమి కొనిరి, ఎంత బాకీ, ఏమి ఫిర్యాదు అను సంగతులను ఒకచో వ్రాసియుంచు సాఫ్టువేరును వారు ‘కస్టమర్ మేనేజ్‌మెంట్’ పట్టిక యందురు. మన సభ్యుల పట్టికకు ఇది దాయాది. దానిని సరుకు లెక్కతోను, బిల్లుల లెక్కతోను, బ్యాంకుతోను కలుపుట యెట్లను ప్రశ్న వారికి మనకంటె ముందే వచ్చినది. అమెరికాలో 1999లో స్థాపింపబడిన సేల్స్‌ఫోర్స్ యను సంస్థ ఇట్టి పట్టికలనే అమ్ముచు, 2000 సంవత్సరములో ఇతర సాఫ్టువేరులు తన పట్టికలోనికి నేరుగా వచ్చి సంగతులు అడుగుటకు ఒక ద్వారమును తెఱచినది. అట్టి ద్వారమునకే ఏపీఐ యని పేరు. నేడు ఇట్టివి లేని వర్తక సాఫ్టువేరు అరుదు.

ద్వారమనగా నేమి?

ధర్మవరపు రైలు స్టేషనును జ్ఞప్తికి తెచ్చుకొనుడు. గుంతకల్లునుండి బెంగళూరు పోవు మార్గము బ్రాడ్‌గేజిగా మాఱిన తరువాతను, పాకాలకు పోవు మార్గము చాలకాలము మీటరుగేజిగానే యుండెను. ఒకదానికి పట్టాల నడుమ దూరము 1,676 మిల్లీమీటర్లు, మఱియొకదానికి 1,000. రెండు మార్గములు ఒకే స్టేషనునకు వచ్చినను, ఒకదాని బండి మఱియొకదానిపై నడువదు. సరుకు దింపి, మోసి, ఎక్కింపవలసినదే. పాకాల మార్గమును బ్రాడ్‌గేజిగా మార్చిన పిమ్మటనే ఆ చిక్కు తీఱినది.

రెండు సాఫ్టువేరుల సంగతియు ఇట్టిదే. రెండును ఒకే కంప్యూటరులో నున్నను, ఒకటి తేదీని ముందు దినము, వెనుక నెలగా వ్రాయును. మఱియొకటి ముందు సంవత్సరము వ్రాయును. ఒకటి భూమిని ఎకరము, సెంటులలో కొలుచును, మఱియొకటి హెక్టారులలో. కావున ఇరువురు కూర్చుండి, ఏ సంగతి ఏ గడిలో, ఏ కొలతతో, ఏ వరుసలో నుండవలెనో ముందుగా నొప్పుకొందురు. ఆ యొప్పందమే ఏపీఐ యొక్క సారము. అందు నాలుగంగములు గలవు.

మొదటిది చిరునామా: ఏ ప్రశ్నకు ఏ తలుపు తట్టవలెను. రెండవది దరఖాస్తు మాదిరి: ఏమేమి గడులు నింపి యడుగవలెను. మూడవది తాళపుచెవి: అడుగువాడు అడుగుటకు అర్హుడే యని చూపు రహస్య సంఖ్య. నాలుగవది జవాబు: కోరిన సంగతియో, లేక ‘ఈ పేరుగలవాడు లేడు’, ‘నీకు అధికారము లేదు’ అను స్పష్టమైన తిరస్కారమో. లోపలి గది యెట్లున్నదో బయటివానికి తెలియ నక్కఱలేదు. తలుపుకడ మాట సరిపోయిన చాలును.

ధర్మవరపు చీరతో నొక యుదాహరణము

ధర్మవరములో నొక నేత సహకార సంఘము తన చీరలను దుకాణములోను, ఇంటర్నెట్టు ద్వారమునను అమ్ముచున్నదనుకొందము. చెన్నపట్టణమునుండి యొక గృహిణి తన ఫోనులో ఒక పట్టుచీరను ఎన్నుకొని సొమ్ము చెల్లించినది. లెక్కలు విడివిడిగా నున్నచో గుమాస్తా ఆమె పేరు చిరునామాలు ఒకచో వ్రాయవలెను, సరుకు పుస్తకములో చీరను తగ్గింపవలెను, బిల్లు వ్రాయవలెను, తపాలా పార్సెలు చీటీ వ్రాయవలెను, సాయంకాలము బ్యాంకు లెక్కతో సరిచూడవలెను. ఒకే పేరు నాలుగుమారులు వ్రాయుట. ఈలోపల దుకాణమునకు వచ్చినవారు అదే చీరను కొనిపోయిరేని, ఒక చీర ఇరువురికి అమ్మినట్లగును. నేతగాని పేరు, సంఘపు పేరు రెండును చెడును.

లెక్కలు ఏపీఐలతో కలిసియున్నచో, సొమ్ము చేరినదను కబురు రాగానే కొనువారి పట్టిక ఆమె పేరును నమోదు చేయును. అదే కబురు సరుకు లెక్కకు పోయి చీరను ‘అమ్మబడినది’ యని గుర్తించును. బిల్లును, పార్సెలు చీటీయును అదే పేరుతో, అదే చిరునామాతో తయారగును. గుమాస్తా పని చీరను మడిచి కట్టుట, చీటీని సరిచూచుట. వ్రాత ఒక్కమాఱే.

ఇందు రెండు మెళకువలు గలవు. కబురు తెలియు విధము రెండు తెఱగులు. చెఱువు తూము తెఱచిరా యని రైతు గడియకొకమాఱు కట్టమీదికి పోయి చూచుట యొకటి. తూము తెఱవగానే నీరుగంటి వచ్చి చెప్పుట రెండవది. సాఫ్టువేరులలోను కొన్ని పలుమాఱు పోయి అడుగును. కొన్నిటికి సంగతి జరుగగానే కబురు వచ్చును. రెండవదానిలో శ్రమ తక్కువ, జాగు తక్కువ. కాని నీరుగంటి జబ్బుపడిన దినమున రైతు మోసపోవును. కావున మంచి యేర్పాటులో కబురును నమ్ముచునే, రాత్రికొకమాఱు రెండు లెక్కలను సరిచూచుట తప్పక యుండును.

రెండవ మెళకువ: తీగ తెగి కబురు చేరెనో లేదో తెలియనపుడు పంపినవాడు మరల పంపును. మొదటిది చేరియేయున్నచో రెండుమాఱులు జమ యగును. దీనికి మందు, ప్రతి కబురునకు ఒక సంఖ్య వేయుట. అదే సంఖ్యతో రెండవమాఱు వచ్చిన కబురును ‘ఇది నాకు చేరినదే’ యని పుచ్చుకొనువాడు పక్కకు పెట్టును. 2016లో మొదలిడిన యూపీఐ ద్వారా మీరు సొమ్ము పంపినపుడు ఫోనులో కనబడు పండ్రెండంకెల సంఖ్య యిట్టి గుర్తులలో నొకటి. దానిని పదిలపఱచిన సభ్యునికి ‘సొమ్ము రాలేదు’ అన్న జవాబునకు ఎదురుజవాబు చేత నున్నట్లే.

పెనుకొండ చెంత 2019లో ఉత్పత్తి మొదలిడిన కియా కారుల కర్మాగారము వంటి చోట్ల, చక్రము, కుర్చీ, దీపము వేఱువేఱు సంస్థలనుండి వచ్చి ఒకచో కూర్పబడును. అట్టి పరిశ్రమ యంతయు ఒక లెక్క మఱియొక లెక్కకు వేళకు కబురందించుటపైననే నిలిచియుండును.

మన వ్యవసాయమున దీని ప్రయోజనము

మొదట అప్పు సంగతి. చిన్న కిసాన్ కార్డు అప్పునకును రైతు భూమి నకలుకై యొకచోటికి, బాకీలేని పత్రమునకై యింకొకచోటికి, సంతకమునకై బ్యాంకునకు పలుమాఱులు తిరుగవలసి, వారములు గడచుచుండెను. విత్తు వేళ దాటిన తరువాత చేతికందిన అప్పు అప్పే గాని సాయము గాదు. ఈ జాగు తగ్గించుటకు రిజర్వు బ్యాంకువారు 2023 ఆగస్టు 17వ తేదీన ఒక యేర్పాటును ప్రయోగముగా మొదలుపెట్టిరి. 2024 ఆగస్టులో దానికి ‘యూనిఫైడ్ లెండింగ్ ఇంటర్‌ఫేస్’ అను పేరు ప్రకటించిరి. రాష్ట్రముల భూమి లెక్కలు, పాల సంఘముల లెక్కలు, ఆధారు గుర్తింపు మున్నగువానికి ఒకే మాదిరి ద్వారములు ఏర్పఱచి, అప్పిచ్చు బ్యాంకు రైతు సమ్మతితో వానినుండి నేరుగా సంగతి తెలిసికొనుటయే ఇందలి పద్ధతి. ప్రయోగపు తొలిదశలోనే 1,60,000 రూపాయల వఱకు గల కిసాన్ కార్డు అప్పులును, పాడి అప్పులును ఇందు చేర్పబడినవి.

రెండవది ఎరువు. 2018 నుండి దేశమంతటను ఎరువుల దుకాణములలో యంత్రముపై కొనువాని గుర్తు తీసికొని అమ్మకము నమోదైన పిమ్మటనే కంపెనీకి ప్రభుత్వపు సబ్సిడీ సొమ్ము ముట్టుచున్నది. సంఘము ఎరువు అమ్మునపుడు ఆ యంత్రపు లెక్కయు, సంఘపు సరుకు లెక్కయు వేఱువేఱుగా నున్నచో గోదాములో నున్న బస్తాలొకటి, పుస్తకములోనివి రెండు, యంత్రములోనివి మూడు అను స్థితి కలుగును. రెండు లెక్కలు కలిసియున్నచో తేడా ఆనాడే బయటపడును. నిజాయితీగల కార్యదర్శికి ఇది రక్ష. అట్లు కానివానికి శిక్ష.

తప్పుకూడ పరుగిడును

ఇంతవఱకు చెప్పినది మేలు. ఇక కీడు చెప్పవలెను. కాలువ త్రవ్విన తరువాత అది మంచినీటిని, మురికినీటిని ఎంచి పాఱనీయదు. ఒకచో వ్రాసిన సరియైన సంగతి ఎట్లు నిమిషములో నాలుగు చోట్లకు పోవునో, తప్పును అట్లే పోవును. పూర్వము తప్పు ఒక పుస్తకములో నుండెడిది. ఇపుడు ఏ పుస్తకమున పుట్టెనో తెలియక నాలుగు కచ్చేరులు తిరుగవలెను.

మన ప్రాంతమున తప్పులకు కారణములు కొన్ని ప్రత్యేకముగా గలవు. ఇది కన్నడసీమకు సరిహద్దు. హనుమంతప్ప యను పేరును తెలుగున నొకవిధముగ, కన్నడమున నొకవిధముగ, ఆంగ్లాక్షరములలో మూడు నాలుగు విధములుగ వ్రాయుచున్నారు. మనుష్యుడు చదివినచో అవన్నియు ఒకే పేరు; యంత్రమునకు ఒక్క యక్షరము మాఱినను వేఱు మనిషి. ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనుక, ఒకచోట పొడియక్షరము. ఒకే గ్రామమున తాతపేరు పెట్టుకొన్న అన్నదమ్ముల బిడ్డలు ఒకే పేరువారు ఇరువురు ముగ్గురుందురు. దీనికితోడు 2022 ఏప్రిల్ 4వ తేదీన మన తావులు అనంతపురము జిల్లానుండి విడివడి శ్రీ సత్యసాయి జిల్లాలో చేరినవి. పాత కాగితములలో నొక జిల్లా, కొత్తవానిలో నొక జిల్లా. రెండును వ్రాసిననాటికి సరియైనవే; ఐనను రెంటిని పోల్చు యంత్రము ‘సరిపోలేదు’ అనవచ్చును.

ఇంకొక చిక్కు పెక్కుమందికి తెలియనిది. ఆధారు సంఖ్యను బట్టి ప్రభుత్వము పంపు సొమ్ము ఏ బ్యాంకునకు పోవలెనో చూపు పట్టికను నేషనల్ పేమెంట్స్ కార్పొరేషన్‌వారు నిర్వహించుచున్నారు. అందు ఒక ఆధారు సంఖ్యకు ఒకే బ్యాంకు నిలుచును. చివరగా జోడించినదే నిలుచును. సంఘము ద్వారా పాత ఖాతా నిచ్చిన రైతు, తరువాత వేఱొక బ్యాంకులో క్రొత్త ఖాతా తెఱచి దానిని ఆధారుతో జోడించుటకు సమ్మతించెనేని, సొమ్ము క్రొత్త ఖాతాకే పోవును. అతడు పాత పాసుపుస్తకము చూచుకొని ‘నాకు రాలేదు’ అని దుఃఖించుచుండును. సొమ్ము పోలేదు, చిరునామా పట్టిక మాఱినది. కరవు సీమలో రెండువేల రూపాయలు వేళకు చేతికందుట, అందకుండుట చిన్న విషయము గాదు.

తాళపుచెవి ఎవరిచేత?

ద్వారమున్నచోట తాళముండవలెను. ఏపీఐకి ఇచ్చు రహస్య సంఖ్య సంఘపు ఇనుపపెట్టె తాళమంతటిది. దానిని గోడపై వ్రాసియుంచుట, ఒకే సంకేతపదమును గుమాస్తాలెల్లరు వాడుట, ఉద్యోగము మానినవాని తాళమును రద్దుచేయకుండుట అపాయకరములు. ఎవరు, ఏ దినమున, ఏ సంగతి యడిగిరో వ్రాసియుంచు దినచర్య ప్రతి ద్వారమునకు ఉండవలెను. పాలకవర్గము దానిని ఆడిట్టువలెనే చూడవలెను.

అవసరమునకు మించి అడుగనీయరాదు. అప్పిచ్చువానికి భూమి విస్తీర్ణము, బాకీ తెలియవలెను. సభ్యుని కుటుంబములోని వారి ఫోను సంఖ్యలు తెలియ నక్కఱలేదు. 2023లో చేయబడిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము, మన సంగతులను వాడుకొనుటకు సమ్మతి ముఖ్యమనియు, సమ్మతిని వెనుకకు తీసికొనుటకును, తప్పులు దిద్దించుకొనుటకును హక్కు గలదనియు చెప్పుచున్నది. 2025 నవంబరులో దాని నిబంధనలు ప్రకటింపబడినవి. చట్టపు విధులు దశలవారీగా అమలునకు రావలెనని యేర్పాటు. చట్టమున్నను, ‘ఇక్కడ వ్రేలు పెట్టు’ మన్నవానిని ‘ఎందులకు?’ అని యడుగు రైతు లేనిచో సమ్మతి యను మాటకు అర్థము లేదు.

‘ఇన్ని చిక్కులు గల వంతెనలు మనకేల? పాత పుస్తకములే మేలు’ అని కొందఱు పెద్దలు అనవచ్చును. పాత పుస్తకమున తప్పులు లేకుండెనా? ఉండెను, అవి కదలక యుండెను, అంతే. వంతెన తప్పును పుట్టించదు. ఉన్న తప్పును బయటికి తెచ్చును. కావున వంతెనకు భయపడుటకంటె, దానిపైకి పంపు బండిని ముందుగా సరిచేసికొనుట వివేకము.

సభ్యులును, పాలకవర్గమును చేయవలసినవి

మొదట, ప్రతి సభ్యుడు ఆధారు, పట్టాదారు పాసుపుస్తకము, బ్యాంకు పాసుపుస్తకము వెంటగొని సంఘమునకు వచ్చి, తన పేరు, తండ్రి లేక భర్త పేరు, సర్వే సంఖ్య, విస్తీర్ణము, ఫోను సంఖ్య అక్షరమక్షరముగా సరిచూచుకొనవలెను. చదువురానివారు చదువుకొన్న బిడ్డను వెంట తెచ్చుకొనుట మంచిది. అన్ని కాగితములలో పేరు ఒకేవిధముగ లేనిచో, దేనిని దిద్దింపవలెనో ఆనాడే నిశ్చయించుకొనవలెను.

రెండవది, గతించిన సభ్యుల వారసులు ఆలసింపక తెలియజేయవలెను. చచ్చినవాని పేరు మీద నున్న వాటా బ్రతికినవానికి అప్పు తేదు.

మూడవది, ఆధారుతో ఏ బ్యాంకు జోడింపబడియున్నదో తెలిసికొని, ఆ పాసుపుస్తకమునే చూచుకొనుచుండవలెను.

నాలుగవది, సొమ్ము చెల్లించిన ప్రతిసారి రసీదును, సంఖ్యను దాచుకొనవలెను. యంత్రము ‘తెలియదు’ అన్నపుడు కాగితమే సాక్షి.

ఐదవది పాలకవర్గమునకు. కంప్యూటరునకు ఎక్కించిన సభ్యుల పట్టికను అచ్చువేయించి సంఘము గోడపై నతికించి, సర్వసభ్య సమావేశమున చదివింపవలెను. ఆధారు సంఖ్యలను, ఫోను సంఖ్యలను మాత్రము అట్లు బహిరంగముగ పెట్టరాదు. అభ్యంతరములకు గడువునిచ్చి, దిద్దిన పిమ్మటనే పట్టిక సరియైనదని సంతకము చేయవలెను. తొందరపడి చేసిన సంతకము నాలుగు చిట్టాలలో తప్పును నాటును.

విత్తనము చెడ్డదైనచో ఎంత దున్నినను పైరు బాగుపడదని మనకు వేఱుగ చెప్పనక్కఱలేదు. ఈ లెక్కల చేనికి విత్తనము సభ్యుని పేరే. దానిని ఏరి, చెఱిగి, శుద్ధిచేసి వేయుట మన చేతిలోని పని. ఈ నెల సంఘమునకు వచ్చునపుడు సభ్యులెల్లరు తమ కాగితములను వెంట తెచ్చి, పట్టికలో తమ పేరును తాము చదివించుకొని పోవుదురు గాక.